దుమ్ము మనది, చప్పుడు పొరుగువారిదా?



మంచి ఉద్దేశంతో చేసిన పని మరొకరికి బాధ కలిగిస్తే, ఆ బాధకు మనం జవాబు చెప్పుకోవలసి ఉంటుందా? ఇది పండితులు సభలలో వాదించుకొనే ప్రశ్నవలె కనిపించవచ్చును. కాని చిత్తూరు జిల్లా రామకుప్పం వంటి ఊళ్లలో, గోడకు గోడ ఆనుకొని కట్టుకున్న ఇళ్ల మధ్య, ఇది ప్రతిదినం ఎదురయ్యే ప్రశ్నే. ఇంటి పెరట్లోని ఒక వడ్రంగి షెడ్డును ఉదాహరణగా తీసుకొని ఈ వారం దీనిని ఆలోచిద్దాం.

వడ్రంగం మన పల్లెల్లో ఎప్పుడూ ఇంటి దగ్గరి పనే. ఒకప్పుడు చెట్టు నీడనో, వసారాలోనో బాడిశ, ఉలి, రంపం పెట్టుకొని, చిత్రిక పట్టుకొంటూ, నాగళ్లు, బండిచక్రాలు, గడపలు, ద్వారబంధాలు చేసేవారు. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లంలోనే వారికి మేర కొలిచేవారు. ఆ పనికీ చప్పుడు ఉండేది. కాని అది చేతి బలాన్ని మించిన చప్పుడు కాదు. చేయి అలిసినప్పుడు అదీ ఆగేది. ఇప్పుడు కరెంటు కట్టర్లు, ప్లేనర్లు, రూటర్లు వచ్చాయి. రోజు పని గంటలో తెములుతున్నది. దానితోపాటు చప్పుడూ పెరిగింది, దుమ్మూ పెరిగింది. చేతి రంపం రాల్చే పొట్టు నేల మీద పడుతుంది. యంత్రం లేపే పొడి పిండివలె గాలిలో తేలుతుంది.

తెలివైన వడ్రంగి ఆ పొడిని పీల్చి సంచిలోకి పంపే యంత్రాన్ని కొనుక్కుంటాడు. దానిని డస్ట్ కలెక్టర్ అనీ, డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ అనీ అంటారు. కొందరు పాత మోటారుకు ఫ్యాను బిగించి తామే తయారు చేసుకుంటారు. మంచి పనే. అయితే ఆ యంత్రం పొద్దస్తమానం హోరుమంటుంది. ఉమ్మడి గోడకు అవతల పదో తరగతి పరీక్షలకు చదువుకొనే అమ్మాయి ఉన్నదనుకోండి. ఆ పక్క ఇంట్లో, బెంగళూరులో రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి రైలుకు కుప్పంలో దిగి ఇంటికి వచ్చి పడుకొన్న యువకుడు ఉన్నాడనుకోండి. ఎదురింట్లో బాలింత ఉన్నదనుకోండి. తన ఊపిరితిత్తులను కాపాడుకొనడానికి ఆయన కొన్న యంత్రం వీరందరి చెవులకు శిక్ష అయింది. ఇప్పుడు తప్పు ఎవరిది?

దుమ్ము చిన్న విషయం కాదు

"అంత బాధగా ఉంటే ఆ యంత్రం ఆపేయమనండి" అని కొందరు సులువుగా చెప్పవచ్చు. అలా చెప్పే ముందు కొయ్య దుమ్ము సంగతి తెలుసుకోవాలి. ఇంగ్లండులో హైవికమ్ అనే పట్టణం కుర్చీలకు, బల్లలకు పేరుపొందినది. అక్కడి కర్ర సామాను కార్మికులలో ముక్కు లోపలి భాగానికి వచ్చే ఒక అరుదైన క్యాన్సరు అసాధారణంగా ఎక్కువగా ఉన్నదని 1960 దశకంలో వైద్యులు గుర్తించారు. ఆ తరువాత ఇతర దేశాలలోనూ పరిశీలనలు జరిగాయి. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, కొయ్య దుమ్మును మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. టేకు, జిట్రేగి వంటి కొయ్యల పొడి కొందరికి ఆయాసాన్ని, చర్మం మీద దద్దురులను తెస్తుంది. ఈనాడు వంటింటి అరలకు విరివిగా వాడే ఎమ్‌డిఎఫ్ పలకలలో కొయ్య పొడితోపాటు జిగురు కూడా ఉంటుంది. దానిని కోసినప్పుడు లేచే పొడి మరీ సన్నగా ఉంటుంది.

దుమ్ము మనిషిని ఏమి చేస్తుందో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. సరిహద్దు దాటి పడమటికి వెళితే కోలారు బంగారు గనులు ఎంతో దూరం కాదు. 2001లో మూతపడేవరకు ఆ గనులు ఎన్నో తెలుగు, తమిళ కుటుంబాలకు అన్నం పెట్టాయి. 1930, 40 దశకాలలోనే అక్కడి కార్మికులకు రాతిదుమ్ము వల్ల సిలికోసిస్ వ్యాధి వస్తున్నదని వైద్యపరీక్షలలో తేలింది. రాయి పొడి వేరు, కొయ్య పొడి వేరు. రెండింటి జబ్బులూ ఒకటి కావు. కాని పాఠం ఒక్కటే. కంటికి కనబడని పొడి ఏళ్ల తరబడి లోపల చేరుతుంది. దగ్గు వచ్చినప్పుడు మనిషి ఆసుపత్రికి పోతాడు. అప్పటికే ఆలస్యం అయి ఉండవచ్చు.

పైగా ఇంటి దగ్గరి షెడ్డులో ఆ దుమ్మును పీల్చేది యజమాని ఒక్కడే కాదు. పని నేర్చుకొనడానికి వచ్చిన కుర్రవాడు పీలుస్తాడు. సాయంకాలం చీపురుతో ఊడ్చే ఇల్లాలు పీలుస్తుంది. పొడి చీపురు దుమ్మును తీయడానికి బదులు మళ్లీ గాలిలోకి లేపుతుంది. వసారాలో ఆడుకొనే పసివారు పీలుస్తారు. ముక్కుకు కట్టుకొన్న తువ్వాలు పొట్టును ఆపుతుంది గాని సన్నని పొడిని ఆపదు. ఇందువల్ల దుమ్మును పీల్చే యంత్రం విలాసం కాదు. ఇంటివారి పట్ల, పనివారి పట్ల ఆ యజమాని చేయవలసిన ధర్మం. పొరుగువారు దానిని ఆపించడం న్యాయం కాదు.

చప్పుడూ చిన్న విషయం కాదు

అయితే రెండవ పక్క కూడా చూడాలి. చప్పుడును డెసిబెల్‌లలో కొలుస్తారు. ఇది మనం బియ్యం కొలిచినట్టు కొలిచే కొలత కాదు. ఒకే రకం యంత్రాలు రెండు నడుస్తున్నప్పుడు ఒకటి ఆపితే కొలతలో తగ్గేది 3 డెసిబెల్‌లే. చెవికి సగానికి సగం తగ్గినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు తగ్గాలి. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, జనం నివసించే చోట పగటిపూట 55 డెసిబెల్‌లు, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు పగలుగా లెక్క. దుమ్ము యంత్రం పక్కన నిలబడి కొలిస్తే 80 డెసిబెల్‌లు దాటడం మామూలే. రేకుల షెడ్డు ఆ చప్పుడును ఆపేది కొంతే.

పని చేసేవారి చెవుల మాట కూడా చెప్పుకోవాలి. రోజుకు 8 గంటలు వినవలసివస్తే 85 డెసిబెల్‌లు దాటరాదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు వినే కాలం సగం కావాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సలహా ఇస్తున్నది. అంటే 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే పావుగంట మాత్రమే. లోచెవిలోని సన్నని వెంట్రుకల వంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్లీ మొలవవు. ముదిమిలో భార్య మాట, మనుమల మాట వినబడక ఒంటరివారైపోయే వృత్తిపనివారు ఎందరో మీకు తెలిసే ఉంటారు.

పిల్లల విషయంలో 1975లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన గుర్తుంచుకోదగినది. న్యూయార్కు నగరంలో ఒక పాఠశాల పక్కనే ఎత్తయిన వంతెన మీద రైళ్లు నడిచేవి. రైలు పట్టాల వైపు గదులలో చదివిన పిల్లలు, అదే బడిలో రెండవ వైపు నెమ్మది గదులలో చదివిన పిల్లలకంటె చదవడంలో వెనుకబడ్డారని, పై తరగతులకు వచ్చేసరికి ఆ వెనుకబాటు ఇంచుమించు ఏడాది దాకా ఉన్నదని ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. ఆ తరువాత పట్టాల కింద రబ్బరు దిమ్మెలు వేశారు. గదుల కప్పుకు చప్పుడును పీల్చే పలకలు బిగించారు. 1981లో మళ్లీ చూస్తే ఆ తేడా పోయింది. రైళ్లు ఆగలేదు, బడి మూయలేదు. రెండింటి మధ్య రబ్బరు, పలకలు వచ్చాయి, అంతే. మన ప్రశ్నకు జవాబు ఏ దిక్కున ఉన్నదో ఇక్కడే కొంత తెలుస్తున్నది.

ముందు వచ్చినది ఎవరు?

ఇటువంటి తగవులలో మొదట వినబడే మాట, "నేను ముందునుంచి ఇక్కడ ఉన్నాను" అన్నది. లండను నగరంలో ఇదే తగవు కోర్టుకు ఎక్కింది. ఒక మిఠాయి వ్యాపారి తన ఇంటి వెనుక వంటగదిలో పెద్ద రోళ్లు, రోకళ్లు పెట్టుకొని ఇరవై ఏళ్లకు పైగా పని చేసుకొంటున్నాడు. పక్క వీధిలో ఉండే ఒక వైద్యుడు తన పెరటి చివర, సరిగ్గా ఆ వంటగది గోడ దగ్గరే, రోగులను పరీక్షించే గది కట్టుకొన్నాడు. దంచుతున్న చప్పుడుకు, అదురుకు పని చేయలేకపోయాడు. 1879లో న్యాయస్థానం వైద్యుని పక్షాన తీర్పు చెప్పింది. అంతవరకు ఎవరికీ బాధ కలిగించలేదు కాబట్టి ఇరవై ఏళ్ల అలవాటు హక్కు కాజాలదన్నది.

1960లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఈ తగవును కొత్తగా చూడమన్నాడు. మిఠాయి వ్యాపారి వైద్యునికి నష్టం చేస్తున్నాడన్నది నిజమే. కాని రోలు ఆపిస్తే వైద్యుడు మిఠాయి వ్యాపారికి నష్టం చేసినట్టే. కాబట్టి నష్టం రెండు వైపులా ఉన్నది. ఎవరి నష్టం తక్కువ ఖర్చుతో తప్పించవచ్చునో చూడాలి, వీలైతే ఇద్దరూ మాట్లాడుకొని ఒప్పందానికి రావాలి అన్నాడు. 1991లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఆలోచనలో మంచి ఉన్నది. పొరుగువాడిని దోషిగా కాక తోటి బాధితునిగా చూడడం నేర్పుతుంది. కాని మన వీధిలో ఒక చిక్కు ఉన్నది. మాట్లాడుకొనడానికి ఇద్దరికీ సమానమైన నోరు ఉండాలి. గోడకు అవతల ఉన్నది అద్దెకుండే వితంతువు అయితే? ఆమె కొడుకు అదే షెడ్డులో పని నేర్చుకొంటుంటే? వడ్రంగి ఆమెకు అవసరానికి చేబదులు ఇచ్చినవాడైతే? ఆమె నోరు తెరవదు. "ఏం లేదన్నా, మాకేం ఇబ్బంది లేదు" అంటుంది. ఆ మాటను ఒప్పందం అని లెక్క వేసుకొనడం తగదు. పొరుగువారు ఊరక ఉన్నంతమాత్రాన వారికి సమ్మతమని అర్థం కాదు.

దీనికి ఎదురు దారి పట్టినవారూ ఉన్నారు. ఇటలీ దక్షిణాన పూర్వం గ్రీకులు కట్టిన సిబారిస్ అనే పట్టణంలో, నిద్రకు భంగం కలుగుతుందని కమ్మరులను, వడ్రంగులను ఊరిలో పని చేయనిచ్చేవారు కారనీ, కోడిపుంజులను కూడా ఉంచనిచ్చేవారు కారనీ ప్రాచీన రచయితలు వ్రాశారు. తలుపు కావాలి, మంచం కావాలి; వాటిని చేసే చప్పుడు మాత్రం అక్కరలేదు. ఇది మర్యాద అనిపించుకోదు. తాను తినే అన్నం ఉడికే పొగ తనకు తగలరాదనడం వంటిది.

ఉద్దేశం ఒక్కటే చాలదు

ఒకే పని మంచినీ చెడునూ రెండింటినీ కలిగించేటప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నను 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వినాస్ ఆత్మరక్షణను గూర్చి చెబుతూ చర్చించారు. ఆ ఆలోచన నుండి తరువాతి నీతిశాస్త్రజ్ఞులు కొన్ని షరతులు ఏర్పరచారు. పని స్వతహాగా మంచిది కావాలి. చెడు ఫలితాన్ని మనం కోరుకొనరాదు. మంచి ఫలితాన్ని ఆ చెడు ద్వారా సాధించరాదు. కలిగే మంచి, కలిగే చెడుకు తగినంత పెద్దది కావాలి. మన వడ్రంగి ఈ నాలుగింటిలోనూ నెగ్గుతాడు. దుమ్ము తీయడం మంచిది. చప్పుడు ఆయన కోరుకొన్నది కాదు. చప్పుడు వల్ల దుమ్ము పోవడం లేదు. ఊపిరితిత్తుల ఆరోగ్యం పెద్ద మేలే.

అయితే ఇక్కడితో లెక్క తీరిపోయిందా? 1977లో మైకేల్ వాల్జర్ అనే అమెరికా తత్వవేత్త, యుద్ధంలో సామాన్యులకు కలిగే హానిని గూర్చి వ్రాస్తూ, ఈ షరతులు చాలవన్నాడు. చెడును కోరుకొనకపోవడం సులువు. ఆ చెడును తగ్గించడానికి పూనుకొని, అందుకయ్యే ఖర్చును తానే భరించడానికి సిద్ధపడాలి అన్నాడు. యుద్ధం ఎక్కడ, పెరటి షెడ్డు ఎక్కడ అనకండి. న్యాయం పెద్ద చోట ఎంతో చిన్న చోటా అంతే. "నేను కావాలని చేయలేదు" అన్న మాట నిజమే కావచ్చు. "తగ్గించడానికి నువ్వేం చేశావు?" అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు మాటలతో చెప్పేది కాదు. షెడ్డులోకి వెళ్లి చూస్తే కనబడాలి.

చేయగలిగినది చాలా ఉన్నది

అందుకే కొన్ని విషయాలు వివరంగా చెప్పుకొందాం. ఏమి చేయవచ్చునో తెలిసినవారికే చేయలేదన్న బాధ్యత కూడా తెలుస్తుంది.

మొదట చప్పుడు ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవాలి. ఒక్కొక్క యంత్రాన్ని విడిగా నడిపించి, గోడకు అవతల నిలబడి వినాలి. సెల్‌ఫోనులో చప్పుడు కొలిచే యాప్‌లు ఉన్నాయి. అవి చూపే అంకె ఖచ్చితం కాకపోయినా, ముందు ఎంత, తరువాత ఎంత అని పోల్చుకొనడానికి పనికివస్తుంది. కోత సాగుతున్నంతసేపు కట్టర్, ప్లేనర్ల చప్పుడే సాధారణంగా ఎక్కువ. మొండి బ్లేడు అయితే మరీ ఎక్కువ. కాని అవి నిమిషం నడిచి ఆగుతాయి. దుమ్ము యంత్రం గంటల తరబడి నడుస్తుంది. పొరుగువారిని విసిగించేది తరచు ఆ ఎడతెగని హోరే. కాబట్టి పైసా ఖర్చు లేని మందు ఒకటున్నది: కోత ముగిసి, గొట్టంలోని పొడి సంచికి చేరగానే యంత్రాన్ని ఆపివేయడం.

రెండవది మోటారు. వాక్యూమ్ క్లీనరు రకం యంత్రాలలో బ్రష్‌లు ఉండే చిన్న మోటారు నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే కీచుమని అరుస్తుంది. పిండిమరలలో వాడే ఇండక్షన్ మోటారు మన కరెంటు మీద నిమిషానికి 3,000 చుట్లకు లోపే తిరుగుతుంది. దాని హోరు మెత్తగా ఉంటుంది. చేతి యంత్రాలకు, సన్నని గొట్టానికి మొదటి రకం తప్పనిసరి కావచ్చు. ప్లేనరుకు, బల్ల రంపానికి రెండవ రకమే మేలు. కొత్తది కొనేటప్పుడు ధరతోపాటు ఈ తేడాను కూడా అడగండి.

మూడవది ఫ్యాను వేగం. వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే చప్పుడు సుమారు 5 డెసిబెల్‌లు తగ్గుతుంది. కాని లాగే గాలి కూడా ఐదో వంతు తగ్గుతుంది. దీనికి సర్దుబాటు, పీల్చే నోటిని దుమ్ము పుట్టే చోటుకు దగ్గరగా తేవడం. దూరం సగమైతే అదే పొడిని పట్టడానికి ఇంచుమించు నాలుగో వంతు గాలి చాలు. దూరాన గొట్టం పెట్టి పెద్ద మోటారు నడపడంకన్న, దగ్గరగా పెట్టి చిన్న మోటారు నడపడం చెవికీ, కరెంటు బిల్లుకూ మంచిది. నిండిన సంచిని దులపడం, గొట్టాల అతుకులలో గాలి దూరి ఈల వేయకుండా బిగించడం, గొట్టంలో ఇరుకు మలుపులు తగ్గించడం కూడా ఇందులోనివే.

నాలుగవది అదురు. యంత్రాన్ని ఉమ్మడి గోడకు బిగిస్తే గోడ మొత్తం తబలా అయిపోతుంది. దానిని నేల మీద, మందమైన రబ్బరు దిమ్మెల మీద నిలపాలి. యంత్రానికీ గట్టి గొట్టానికీ నడుమ మెత్తని గొట్టం ముక్క ఉండాలి. ఉమ్మడి గోడ నుండి ఎంత దూరం జరిపితే అంత మంచిది. ఆరుబయట దూరం రెండింతలైతే చప్పుడు సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది.

ఐదవది పెట్టె. యంత్రం చుట్టూ బరువైన గోడ గాని, మందమైన ప్లైవుడ్ పెట్టె గాని కట్టవచ్చు. చప్పుడును ఆపేది బరువు. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటించినందువల్ల చప్పుడు బయటికి పోకుండా ఆగదు. లోపల రాక్‌వూల్ వంటి నిప్పు అంటుకొనని మెత్తని పదార్థం పరిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. సందులు మూయడం అన్నిటికన్న ముఖ్యం. గోడ ఎంత గట్టిదైనా, దానిలో నూటికి ఒక వంతు సందు ఉంటే 20 డెసిబెల్‌లకు మించి తగ్గదు. అయితే మోటారుకు చల్లగాలి కావాలి. అందుచేత గాలి వచ్చే దారినీ పోయే దారినీ తిన్నగా కాక మెలికలు తిప్పి, ఆ మెలికల లోపల అదే మెత్తని పదార్థం పరచాలి. గాలి దారి లేకుండా మూసివేస్తే మోటారు కాగి, చుట్టూ ఉన్న పొడి అంటుకొనే ప్రమాదం ఉంది. పెట్టెలో పొడి పేరుకొనకుండా వారం వారం తుడవాలి.

ఆరవది వేళ. చట్టం ఉదయం 6 గంటలనే పగలు అన్నది గాని, పొరుగువారి నిద్రకు చట్టంతో పని లేదు. పెద్ద కోతలన్నీ ఒక పూటకు చేర్చుకొని, ఆ వేళ ఏదో ఇరుగుపొరుగుకు ముందే చెప్పవచ్చు. పరీక్షల నెలలో సాయంకాలాలు చేతి పనికి ఉంచుకోవచ్చు.

తగ్గించడం వేరు, తిప్పడం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు చప్పుడును తగ్గించరు, దిక్కు మారుస్తారు. గట్టిగా అడిగే పెద్దమనిషి ఇల్లు తూర్పున ఉంటే, యంత్రాన్ని పడమటికి, అడగలేనివారి గోడ వైపుకు జరుపుతారు. మరికొందరు సంచి తీసివేసి, పొడిని గొట్టం ద్వారా వీధిలోకి ఊదిస్తారు. షెడ్డు శుభ్రమవుతుంది, ఎవరో ఆరవేసిన బట్టల మీద, ఎవరో మూత పెట్టని నీళ్లబిందెలో ఆ పొడి పడుతుంది. ఇంకొందరు పొరుగువారు అడిగారని దుమ్ము యంత్రాన్ని ఆపివేసి, ఆ పొడిలో పని నేర్చుకొనే కుర్రవాడిని నిలబెడతారు. పైకి తగవు తీరినట్టే కనబడుతుంది. నిజానికి భారం పోలేదు. ఒక భుజం నుండి మరింత బలహీనమైన భుజానికి మారింది. మన ఇళ్లలోను, ఊళ్లలోను చాలా సమస్యలు ఇలాగే "పరిష్కారం" అవుతుంటాయి. ఏ ఏర్పాటు చేసినా, "ఇప్పుడిది ఎవరి మీద పడుతున్నది?" అని ఒకసారి అడుగుకోవాలి.

విన్నవారి బాధ్యత

గోడకు అవతల ఉన్నవారికి కూడా కర్తవ్యం ఉన్నది. మొదట వెళ్లి నేరుగా మాట్లాడాలి. "అన్నా, పాప చదువుకుంటా ఉంది, రోంతసేపు ఆపరాదా?" అన్న మాటకు కరగని మనసు తక్కువ. ఆ మాట అనకుండానే పోలీసుస్టేషనుకు పోవడం, వీధిలో నిలబడి కేకలు వేయడం చప్పుడును రెండింతలు చేయడమే. పెట్టె కట్టడానికి రెండు పలకలు తక్కువైతే, ఉన్నవారు ఆ ఖర్చులో కొంత పంచుకొంటే తప్పేమీ లేదు. నిద్ర వారిదే కదా.

అలాగే తలుపులు, మంచాలు చేయించుకొనేవారు. పెళ్లి పది రోజులుందనగా వచ్చి, "రాత్రింబవళ్లు చేసైనా ఇవ్వాల్సిందే" అని పట్టుబట్టేది మనమే. ధరలో నూరు రూపాయలు తగ్గించమని బేరమాడేది మనమే. ఆ తగ్గిన నూరు రూపాయలు రబ్బరు దిమ్మెకో, మంచి మాస్కుకో పోవలసినవి. ఆ రాత్రి చప్పుడులో మన పాలు కూడా ఉన్నది.

పొరుగువారి చెవిని గూర్చి మాట్లాడేటప్పుడు మన సంగతినీ దాటవేయరాదు. మద్రాసులో ఒక క్రైస్తవ సంఘం ప్రార్థనలలో మైకులు, వాయిద్యాలు పెట్టగా చుట్టుపక్కల కాలనీవారు కోర్టుకు వెళ్లారు. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. ఆ సంఘం మనది కాదని ఊరుకొనవద్దు. పండుగ నాడు, జాగరణ రాత్రులలో మన విచారణ గుడి మీది మైకు ఏ వైపు తిరిగి ఉన్నదో మనకే తెలుసు. వడ్రంగికి ఊపిరితిత్తులన్న కారణమైనా ఉన్నది. మైకుకు ఆ కారణం కూడా లేదు.

మే 1వ తేదీన శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ చేసుకొంటాము. 1955లో పన్నెండవ పియూస్ పాపుగారు ఆ పండుగను ఏర్పాటు చేశారు. ఆ రోజు పనిముట్లను తెచ్చి దీవెనలు పొందేవారు కొందరు ఉంటారు. పనిని గౌరవించడమంటే పని చేసేవాని ఊపిరిని గౌరవించడం, ఆ పని పక్కన బ్రతికేవారి నిద్రను గౌరవించడం కూడాను.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో గట్టిగా మోగే యంత్రం ఏదైనా సరే, మిక్సీ గాని, మోటారు గాని, కట్టర్ గాని, టి.వి. గాని, దానిని మామూలుగా నడిపించమని ఇంట్లోవారికి చెప్పి, మీరు పక్కింటి గడప దగ్గర పది నిమిషాలు కూర్చోండి. పక్కింటివారు కాఫీ ఇస్తారు. ఆ కాఫీ త్రాగుతూ వారు చెప్పేది వినండి. వారి మాట మీకు వినబడకపోతే, ఏమి చేయాలో మీకే తెలుస్తుంది.